గేదె మీద వేసిన నింద

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళ ముందు చాలాసార్లు నోరు తెరిచాను, మళ్ళీ మూసుకున్నాను. నా భార్యకి చెప్పలేదు. నాతో ఉద్యోగం చేసినవాళ్ళకి చెప్పలేదు. ఒక ఆడమనిషి మీద నేను వేసిన నింద ఇరవై ఏళ్ళకి పైగా నా లోపల బైఠాయించి కూర్చుంది. అన్నం తినేటప్పుడు ఉంటుంది, మనవరాలికి లెక్కలు చెప్పేటప్పుడు ఉంటుంది, ఎవరైనా నన్ను పెద్దమనిషి అన్నప్పుడైతే మరీ ఎక్కువగా ఉంటుంది. మోయగా మోయగా అలవాటైపోతుందనుకున్నాను. కాలేదు.

ముందే చెబుతున్నాను, నా మీద జాలి పడొద్దు. జాలి చూపించేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. 'అప్పటి పరిస్థితులు అలాంటివి లెండి' అనబోతారేమో. ఆ మాట నాకు నేనే లక్షసార్లు చెప్పుకున్నాను, మీరు కొత్తగా చెప్పేదేం లేదు. తిట్టాలనుంటే తిట్టండి. కాకపోతే పూర్తిగా విని తిట్టండి.

నేను పశువుల డాక్టర్ని. రిటైరయ్యాను. అప్పట్లో అద్దంకికీ పర్చూరుకీ మధ్య ఒక మండలంలో పనిచేసేవాణ్ణి. ఊరి పేరు చెప్పను. మనుషుల పేర్లు మార్చాను. నా పేరు అసలే చెప్పను. చూశారా, ఒప్పుకోవడానికి కూర్చుని కూడా ముసుగు తీయడం లేదు. ఒక్క మార్తమ్మ పేరు మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆమె పేరు మీద పడిన మచ్చని ఇంకో పేరు పెట్టి తుడవలేను కదా.

ముందు ఆ రోజుల వ్యాపారం గురించి చెప్పాలి. లేకపోతే నేను చేసినదేమిటో మీకు అర్థం కాదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. ఇంగ్లండులో గాలికుంటు వచ్చి పశువుల్ని గుట్టలుగా పోసి తగలబెట్టిన దృశ్యాలు టీవీలో చూసి పశువుల వ్యాపారులందరూ బెదిరిపోయి ఉన్నారు. గాలికుంటు అంటే తెలుసుగా? నోట్లో, గిట్టల సందుల్లో బొబ్బలు లేస్తాయి. పశువు మేత ముట్టదు, చొంగ కారుస్తుంది, కుంటుతుంది. పెద్ద పశువు చాలావరకు చావదు, దూడలకే ప్రాణగండం. కానీ పాలు పోతాయి, దుక్కి పోతుంది. పైగా అది ఒక కొట్టంలో ఆగే రోగం కాదు. అందుకే ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పశువులు వెళ్ళాలంటే లోకమంతా ఒప్పుకున్న నియమాలున్నాయి. దేశాలన్నీ కలిసి పారిస్‌లో కూర్చుని రాసుకున్నవి. పుస్తకం లావుగానే ఉంటుంది గానీ సారం తేలిక. రోగం వస్తే దాచకుండా చెప్పు. రోగం ఉన్నచోటి నుంచి పశువుని కదిలించకు. రోగం రావడం నేరమని ఆ నియమాల్లో ఎక్కడా లేదు. ఎవరి పశువుకి వచ్చింది, వాళ్ళది ఏ కులం, ఏ వీధి అని అవి అడగవు. ఎక్కడ వచ్చింది, ఎప్పుడు వచ్చింది, అంతే అడుగుతాయి. ఆ ప్రశ్నలకి జవాబు చెప్పాల్సిన మనిషి ఊళ్ళో ఒక్కడే ఉంటాడు, సంతకం పెట్టే పశువుల డాక్టరు.

ఆ ఊళ్ళో వెంకట్రామయ్య అని ఒక పెద్ద రైతు. పత్తి, మిరప వేసేవాడు. పాల కేంద్రానికి అధ్యక్షుడు కూడా ఆయనే. మా కులమే. ఎక్కడిదో దూరపు చుట్టరికం కలిపి నన్ను 'అల్లుడు గారూ' అని పిలిచేవాడు. చేలు ఖాళీ అయ్యాక మా వైపు మంద కట్టిస్తారు. ఊళ్ళు తిరుగుతూ వచ్చే గొర్రెల మందని పిలిపించి, రాత్రిళ్ళు తమ చేలో పడుకోబెట్టించుకుంటారు. తెల్లారేసరికి చేనంతా పెంట. ఏ బస్తా ఎరువూ దానికి సాటి రాదని రైతుల నమ్మకం, అది నిజం కూడా. మంద ఎక్కడినుంచి వచ్చింది, దారిలో ఏ రోగమున్న ఊళ్ళు దాటింది అని ఎవరూ అడగరు. ముందు మా చేలో కట్టమంటే మా చేలో కట్టమని పోట్లాడుకుంటారు. ఆ ఏడు పడమటి నుంచి వచ్చిన పెద్ద మంద ఒకటి వెంకట్రామయ్య పత్తి చేలో దిగింది.

ఆ మందలోని పొట్టేళ్ళని ఒక వ్యాపారి బేరం చేసుకున్నాడు, గల్ఫ్ దేశానికి పంపడానికి. లారీల్లో రేవుకి తోలాలి. అక్కడ ఒక షెడ్డులో విడిగా ఉంచి, పరీక్షలు చేసి, ఓడ ఎక్కిస్తారు. ఊళ్ళోంచి లారీ కదలాలంటే నా సర్టిఫికెట్ కావాలి. ఈ పశువులు ఆరోగ్యంగా ఉన్నాయి, ఈ ఊళ్ళోగానీ చుట్టుపక్కలగానీ గాలికుంటు లేదు అని నేను రాసివ్వాలి.

పొద్దున్నే వెళ్ళాను. మంద ఇంకా చేలోనే ఉంది. కొన్ని గొర్రెలు కుంటుతున్నాయి.

మా నేల సంగతి ఒకటి చెప్పాలి. పత్తి కట్టె కొట్టేశాక భూమిలో మోళ్ళు మిగులుతాయి. ఏటవాలుగా తెగి, మొన తేలి ఉంటాయి. చూసుకోకుండా కాలు పెడితే చెప్పుని చీల్చుకుని పాదంలో దిగుతాయి. అందుకని పత్తి చేలో పడుకున్న గొర్రె కుంటితే మా వైపు ఎవరూ పట్టించుకోరు. మోడు గుచ్చుకుంది అంటారు, కాస్త పసుపు అద్ది వదిలేస్తారు. పత్తి పండని చోట ఈ మాట ఎవరికీ తట్టదు, మా దగ్గర మాత్రం రైతు, గొల్ల, కూలి అందరి నోటా ముందు వచ్చేది ఇదే. గాలికుంటు వస్తే గొర్రె ఎద్దులాగా చొంగలు కార్చి గోల చేయదు. నాలుగు రోజులు కుంటుతుంది, సర్దుకుంటుంది. మోళ్ళ పేరు చెప్పుకుని ఆ రోగం మా చేలల్లో హాయిగా తిరిగేది.

మందపెద్ద అదే అన్నాడు, పత్తి మోళ్ళండీ అని. అతను అబద్ధం చెప్పలేదు. అలాగే అనుకున్నాడు. వెంకట్రామయ్యా అదే అన్నాడు, ఆయనా నమ్మే అన్నాడు. నమ్మనివాణ్ణి నేనొక్కణ్ణే. ఎందుకంటే నేను ఒక పొట్టేలుని పట్టుకుని నోరు తెరిచి చూశాను. పై చిగుళ్ళ మీద చిట్లిన బొబ్బ ఉంది. ఎర్రగా, పచ్చిగా ఉంది. గిట్టల సందున చర్మం తెల్లగా ఉబ్బింది. మోడు నోట్లో గుచ్చుకోదు కదా?

వదిలేశాను. ఇంకో దాన్ని పట్టుకోలేదు. పట్టుకుంటే దానిలోనూ కనిపిస్తుంది. ఒకటే చూశాను కాబట్టి అనుమానమేగానీ రుజువు కాదని నాకు నేను చెప్పుకోవడానికి వీలుంటుంది. ఎంత తెలివో చూశారా? చదువుకున్న తెలివి అంతా అక్కడ ఖర్చుపెట్టాను.

డబ్బు తిన్నాడు అనుకుంటున్నారు కదూ. తినలేదు. తిని ఉంటే చెప్పుకోవడానికి ఒక కారణమైనా ఉండేది. నేను భయపడింది వేరే. నిజం రాస్తే సంత మూయించాలి. పాలు ఆపించాలి. ఊళ్ళోకి పశువు రాకూడదు, ఊళ్ళోంచి పోకూడదు. వెంకట్రామయ్య మొహం మాడిపోతుంది. ఊరు ఊరంతా నా మీద పడుతుంది. అల్లుడు గారూ అనే పిలుపు పోతుంది. ఆయన అరుగు మీద కుర్చీ వేసి పెట్టే ఫలహారం పోతుంది. నవ్వండి, నవ్వొచ్చే కారణాలే. ఓడ నిండా పశువులకీ, అవి దిగబోయే దేశంలోని మందలకీ రోగం అంటించడానికి నాకు ఈమాత్రం కారణాలు సరిపోయాయి. మంద కుంటుతోందేమిటని వ్యాపారి అనుమానంగా అడిగితే, పత్తి మోళ్ళు అని ఈసారి నా నోటితో నేనే అన్నాను. ఆ అరుగు మీదే కూర్చుని సంతకం పెట్టాను.

నిజం రాసినా ఎవరి కొంపా మునిగేది కాదు. మందని అక్కడే ఆపి, చుట్టూ ఉన్న ఊళ్ళలో పశువులకి టీకాలు వేసి, రోగం అణిగేదాకా ఓపిక పడితే సరిపోయేది. వ్యాపారి పొట్టేళ్ళని ఇంకో చోట కొనుక్కునేవాడు. ఆ నియమాలు రాసినవాళ్ళు వ్యాపారం ఆపడానికి రాయలేదు, భయం లేకుండా సాగడానికి రాశారు. ఇది తర్వాత తెలుసుకున్న సంగతి కాదు. అప్పుడూ తెలుసు.

లారీలు వెళ్ళిపోయాయి. మంద తర్వాతి ఊరికి కదిలింది. వారం తిరగకుండానే వెంకట్రామయ్య ఎద్దులు నోట నురగతో పడ్డాయి. తర్వాత పక్కింటి గేదెలు. ఆ తర్వాత వీధి వెంట వీధి. దుక్కి ఎద్దులు లేవలేక, దూడలు పాలు తాగుతూ తాగుతూనే చచ్చిపోతుంటే, ఆడవాళ్ళు కొట్టాల ముందు కూర్చుని ఏడ్చారు. వైద్యం నేనే చేశాను. పుళ్ళు కడిగాను, మందులు రాశాను. ఏ కొట్టంలో ఏ పశువు ఎప్పుడు పడిందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అన్నిటికంటే చివర పడింది మార్తమ్మ గేదె.

మార్తమ్మ చర్చి పక్కనున్న పేటలో ఉండేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. మిరపకోతలకి పోయేది. కూలి చేసి కూడబెట్టుకుని ఒక పాడిగేదెని సంతలో కొనుక్కుంది. కొని అట్టే కాలం కాలేదు. కోత నుంచి వస్తూ గట్ల మీద గడ్డి కోసుకొచ్చి మేపేది. పొద్దునా సాయంత్రం క్యాను పట్టుకుని పాల కేంద్రానికి వచ్చేది. పాలు పోసేటప్పుడు కొంచెం గర్వంగా నిలబడేది. ఆ గర్వం ఊళ్ళో కొంతమందికి కంటగింపుగా ఉండేదని నాకు తెలుసు.

అంతలో రేవు నుంచి కబురొచ్చింది. షెడ్డులో పొట్టేళ్ళకి గాలికుంటు బయటపడింది, ఓడ ఎక్కాల్సిన పశువులన్నిటినీ ఆపేశారు. రోగం కనిపిస్తే అది ఎక్కడ మొదలైందో వెనక్కి వెతుక్కుంటూ రావడం కూడా ఆ నియమాల్లో ఉంది. పై ఆఫీసు నుంచి ఒక అధికారి విచారణకి వస్తున్నాడని తెలిసింది. నా కొడుకు అప్పుడు గుంటూరులో చదువుతున్నాడు. ఉద్యోగం పోతే ఏం చేయాలి? నలుగురిలో మొహం ఎలా చూపించాలి?

నన్ను కాపాడే మాట ఒక్కటే కనిపించింది. మంద ఊరు దాటాకే రోగం వచ్చింది అనాలి. వేరే దారిన వచ్చింది అనాలి. అప్పుడు పొట్టేళ్ళు దారిలోనో షెడ్డులోనో అంటించుకున్నాయి అనుకుంటారు. మరి ఊళ్ళోకి వేరే దారి ఏది? దీనికి జవాబు వెతుక్కోవడానికి నాకు ఎంతో సేపు పట్టలేదు. ఎందుకు పట్టలేదని ఈనాటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఊళ్ళో అన్ని పశువులుండగా నా మనసు నేరుగా పేటలోకి ఎందుకు పోయింది?

పొద్దున పాల కేంద్రం వసారాలో జనం గుమిగూడి ఉన్నారు. క్యాన్లలో అడుగున పాలు. అందరూ కోపంతో కాలిపోతున్నారు. "ఒరేయ్, ఎవడ్రా ఈ రోగాన్ని ఊళ్ళోకి తెచ్చింది?" అని అరుపులు. వెంకట్రామయ్య చేలో దిగిన మంద గురించి ఎవరో మెల్లగా ఎత్తబోయారు. అప్పుడు నేను అందుకున్నాను. ఈ మధ్య సంతలో కొన్న గేదె ఎవరిది అని అడిగాను. అంతే అడిగాను. పేరు నేను చెప్పలేదు. పేరు నేను చెప్పలేదన్న ఆ ఒక్క ముక్కని పట్టుకుని చాలా ఏళ్ళు వేలాడాను. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. అన్ని గొంతులూ ఒకేసారి చెప్పాయి.

వెంకట్రామయ్య నా వైపు చూశాడు. మంద సంగతి ఆయనకి అప్పటికే అర్థమైందో లేదో నాకు తెలియదు. ఆ జవాబు మాత్రం ఆయనకీ బాగా పనికొచ్చింది.

ఆ పూటే మార్తమ్మ పాలు వద్దన్నారు. మర్నాటికి పేట మొత్తం పాలు వద్దన్నారు. పేట గేదెలు పశువుల కుంటలో దిగకూడదన్నారు. గట్ల మీద గడ్డి కోయబోతే కొడవళ్ళు లాక్కున్నారు. అంతకుముందు వాళ్ళని అసహ్యించుకోవాలంటే కాస్తో కూస్తో మొహమాటం ఉండేది. ఇప్పుడు డాక్టరే చెప్పాడు కదా. పశువు రోగం గురించి మొదలుపెట్టి మనుషుల పుట్టుక దాకా వెళ్ళేవి మాటలు. నేను అక్కడే నిలబడి విన్నాను. విని, బండి స్టార్ట్ చేసుకుని వచ్చేశాను.

ఇక్కడితో ఆగి ఉంటే నోరు జారాను అని సర్దిచెప్పుకునేవాణ్ణేమో. ఆగలేదు.

గాలికుంటులో పుండుని చూసి దాని వయసు అంచనా కట్టవచ్చు. తెలిసినవాడు నోరు తెరిచి చూస్తే ఏ పశువు ముందు పడింది, ఏది తర్వాత పడింది ఇట్టే చెబుతాడు. వెంకట్రామయ్య ఎద్దుల నోళ్ళు మానిపోతున్నాయి. మార్తమ్మ గేదె నోట్లో పుండు పచ్చిగా ఉంది. వచ్చే అధికారి పేటలోకి అడుగుపెట్టి ఆ గేదె నోరు తెరిస్తే నా పని అయిపోతుంది. అందుకని వెంకట్రామయ్య ఇంటికి వెళ్ళి, ఆ గేదె ఊళ్ళో ఉన్నంతకాలం రోగం ఆగదండీ అన్నాను. చాలా గంభీరంగా, శాస్త్రం చెప్పినట్టు చెప్పాను. రోగమున్న పశువుని కదిలించకూడదని చదువుకున్నవాణ్ణి, నేనే దాన్ని ఊరు దాటించమన్నాను. రోగం ఉన్నదాన్ని ఇంకో ఊరి మీదికి తోలమన్నాను.

మర్నాడు మధ్యాహ్నం మార్తమ్మ పశువుల ఆస్పత్రికి వచ్చింది. కోత మీద నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతులు మిరపకాయల ఘాటుకి ఎర్రబడి ఉన్నాయి. లోపలికి రాలేదు. గుమ్మం బయటే నిలబడింది.

"డాట్టరు బాబూ, ఎంకట్రామయ్య గారు గేదెని సాయంత్రంలోగా తోలెయ్యమంటన్నారు. కటికోళ్ళ లారీ కూడా ఆయనే మాట్టాడాడంట."

"తోలెయ్యి మరి. ఊరు బాగుండాలా వద్దా?"

"తోలేస్తానండీ. నా గేదె కోసం రాలేదు నేను. ఆళ్ళ ఎద్దులు పడ్డాక గదండీ నా గేదె పడింది? ఆళ్ళకీ నాకూ మందు రాసింది మీరేగా. మీకు తెలవదా?"

నేను ఏదో మందు సీసా తీసుకుని దాని మీద ఉన్నది చదువుతున్నట్టు నటించాను.

"ఆ ఒక్క ముక్క పాలకేంద్రం కాడ చెప్పండి బాబూ. గేదె పోతే పోయింది. మా పేటోళ్ళే నాతో మాట్టాడ్డం లేదు. నీ మూలానే మా పాలు పోయినయ్యి, మా గడ్డి పోయింది అంటన్నారు. చర్చిలో నా పక్కన కూసోడం లేదు. ఒక్కసారొచ్చి దాని నోరు చూసి, మీ కళ్ళతో చూసింది చెప్పండి. అంతకన్నా నాకేం వద్దు."

"నాకు గుర్తులేదు," అన్నాను. "ఎవరి పశువు ఎప్పుడు పడిందో అన్నీ గుర్తుపెట్టుకోవడానికి నాకేం పనీపాటా లేదా? వెళ్ళు, వెళ్ళు."

ఆమె వెళ్ళలేదు. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. నా మొహంలోకి సూటిగా చూసింది.

"మీకు గుర్తుంది," అంది. అప్పుడు వెళ్ళిపోయింది.

సాయంత్రానికి గేదె లారీ ఎక్కింది. ఆ తర్వాత అధికారి వచ్చాడు. పేటకి కూడా వెళ్దామన్నాడు. గేదెని అమ్మేశారండీ, అక్కడ చూడ్డానికేం లేదు, ఎండలో ఎందుకు అన్నాను. వెంకట్రామయ్య ఇంట్లో భోజనం పెట్టారు. పండుమిరపకాయల పచ్చడి బాగుందని అధికారి మెచ్చుకున్నాడు. సంతలో కొన్న గేదెతో రోగం వచ్చిందని రాసుకుని, చేయి కడుక్కుని, జీపెక్కి వెళ్ళిపోయాడు. నా మాట మెట్టు మెట్టూ ఎక్కి ఎంత పైకి పోయిందో నాకు తెలియదు. ఎవరో ఎక్కడో దాన్ని నమ్మి ఉంటారు. ఆ మందని మాత్రం ఎవరూ ఆపలేదు. మంద వల్ల కాదని నేనే తేల్చాను కదా. అది వెళ్ళిన ఊరల్లా గాలికుంటు లేచింది. ఎన్ని కొట్టాలు, ఎన్ని దూడలు, నాకు తెలియదు. తెలుసుకోవడానికి ప్రయత్నించలేదు.

మార్తమ్మ ఆ ఏడు మిరపకోతలు అయ్యేలోగానే ఊరు వదిలేసింది. దాచేపల్లి వైపు అన్న ఉన్నాడని, రాళ్ళ పనికి పోయిందని విన్నాను.

అప్పుడు నాకు ఏమనిపించిందో చెప్పనా? హమ్మయ్య అనిపించింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆమె మీద కోపంగా ఉండేది. అవును, ఆమె మీదే. ఎందుకు వచ్చింది ఆస్పత్రికి? ఎందుకు ఆ మాట అంది? తిట్టి పోయినా బాగుండేది, శాపనార్థాలు పెట్టినా బాగుండేది, వాటికి నేను బదులు చెప్పుకోగలను. మీకు గుర్తుంది అన్న మాటకి ఏం బదులు చెప్పను? పేటవాళ్ళెవరైనా పశువుని తీసుకొస్తే నాకు తెలియకుండానే విసుక్కునేవాణ్ణి. వాళ్ళు ఏమీ అనకపోయినా అన్నట్టే ఉండేది. తప్పు చేసినవాడు తలదించుకుంటాడని ఎవరంటారో గానీ, నేను తలెత్తుకుని తిరిగాను, నేను అన్యాయం చేసినవాళ్ళని చూసి మొహం చిట్లించుకున్నాను.

వెంకట్రామయ్యతో చుట్టరికం ఏమైందంటారా? మరుసటి ఏడే ఏదో టీకాల విషయంలో మాటా మాటా పెరిగి, పాల కేంద్రంలో అందరి ముందూ నన్ను నానా మాటలూ అన్నాడు. ఆ అరుగు కోసమే కదా ఇంతా చేశాను. తర్వాత నాకు బదిలీ అయింది, ప్రమోషన్లు వచ్చాయి.

అక్కడితో అయిపోలేదు. నాకు మాటకారి అని పేరుంది. రిటైరయ్యాక కొత్తగా ఉద్యోగంలో చేరిన పశువైద్యులకి పాఠం చెప్పమని పిలిచారు. అంశం ఏమిటనుకున్నారు? పశువుల ఆరోగ్యానికి అంతర్జాతీయ ప్రమాణాలు, క్షేమంగా సాగే వ్యాపారంలో వాటి పాత్ర. వెళ్ళాను. సిగ్గు లేకుండా వెళ్ళాను. రోగాన్ని దాచిన దేశాన్ని ఎవరూ నమ్మరు, చెప్పిన దేశాన్నే నమ్ముతారు అన్నాను. మన సంతకాన్ని నమ్మి ముక్కూ మొహం తెలియని దేశంలో ఒక రైతు తన కొట్టం తలుపు తీస్తాడు అన్నాను. చప్పట్లు కొట్టారు. ఒకమ్మాయి లేచింది, పల్లెలో పోస్టింగు వచ్చిందట. నిజం రాస్తే ఊరంతా మా మీద పడుతుంది కదా సార్, మీకెప్పుడైనా అలా జరిగిందా, మీరేం చేశారు అని అడిగింది. జరిగింది, నిజమే రాశాను అన్నాను. మళ్ళీ చప్పట్లు. ఆ అమ్మాయి నా మాట పట్టుకుని ఏ ఊళ్ళోనో ఒంటరిగా నిలబడి ఉంటుంది. అబద్ధం చెప్పి ఒకరికి ధైర్యం ఇచ్చాను. ఇది పాపమో పుణ్యమో నాకు తెలియడం లేదు, మీరూ చెప్పొద్దు.

ఇంటికి వచ్చాక అన్నం సయించలేదు. ఆ వారంలోనే దాచేపల్లి బస్సెక్కాను.

వెతకడం కష్టం కాలేదు. సిమెంటు దుమ్ముతో తెల్లబడిన రేకుల ఇల్లు. మార్తమ్మ ముందు కూర్చుని చాటలో బియ్యం ఏరుకుంటోంది. బాగా వంగిపోయింది. నేనెవరో చెప్పుకోబోయాను, అక్కర్లేకపోయింది. మొదటిసారి ఆమెని మీరు అన్నాను. మొత్తం చెప్పాను. మంద, పొట్టేలు నోరు, సంతకం, పాల కేంద్రం, గేదెని ఊరు దాటించింది నేనే అన్న సంగతి, అన్నీ. ఆమె బియ్యం ఏరడం ఆపలేదు. నేను ఆగాక తలెత్తింది.

"నాకు తెలిసిన మాట నాకు చెప్పడానికి ఇంత దూరం వచ్చారా? తెలవనోళ్ళు ఆడున్నారు. పొయ్యి ఆళ్ళకి చెప్పండి."

చాట ఎత్తుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే మేలైంది. ఇచ్చి ఉంటే అదే క్షమించడం అనుకుని సంబరపడి వచ్చేవాణ్ణి.

మర్నాడే ఆ ఊరికి బయల్దేరాను. బస్సు కిటికీలోంచి చూస్తే, పాల కేంద్రం కొత్త రంగు వేసుకుని అక్కడే ఉంది. వసారాలో నలుగురు నిలబడి ఉన్నారు. వెంకట్రామయ్య ఎప్పుడో పోయాడని విన్నాను, ఆయన పిల్లలు ఊళ్ళోనే ఉన్నారు. కండక్టరు ఊరి పేరు అరిచాడు. నేను సీట్లోంచి లేవలేదు. బస్సు కదిలింది. ఈ వయసులో ఇంకా ఏం పోతుందని లేవలేదు? ఉద్యోగమా, చుట్టరికమా? ఏమీ లేదు పోవడానికి. అయినా కాళ్ళు రాలేదు. పిరికితనానికి కారణం అక్కర్లేదని ఆ రోజు తెలిసింది.

అందుకే ఇలా రాస్తున్నాను. ఇది మీకు చెప్పడం సులువే. మీరు ఆ ఊరివాళ్ళు కాదు, మీ పాలు ఆగలేదు. రాస్తుంటే ఛాతీ మీద బరువు కొంచెం జరిగి ఊపిరి ఆడుతోంది. ఈ హాయి నాకు దక్కాల్సింది కాదని కూడా తెలుసు. ఈ కాగితం ఎలాగో ఒకలా ఆ ఊరు చేరుతుందని ఆశ. పేరు లేకపోయినా, పత్తి చేలో దిగిన మంద, ఊరు దాటిన గేదె అనగానే వాళ్ళు గుర్తుపడతారు. కాబట్టి ఇక మీతో నాకు పని లేదు. ఇది వాళ్ళకి.

మార్తమ్మ గేదె మీ ఊరికి రోగం తేలేదు. అది పడే నాటికి మీ ఎద్దులు మానుతున్నాయి. మీ ఎద్దులు పడకముందే పత్తి చేలో మంద కుంటింది. ఆ మందలో ఒక పొట్టేలు నోరు నేను తెరిచి చూశాను. రోగమని తెలిసింది. తెలిసే సంతకం పెట్టాను.